ఇయర్‌బుక్ నేను చేస్తానన్నాను, తీరా చూస్తే టీమ్‌లో సగం మందికి ఫోటోల్లేవు

లిబెరో వాళ్ళమ్మ, కగ్గదాసపుర:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చేశాం. మా అమ్మాయి పదో తరగతి, స్కూల్ గర్ల్స్ వాలీబాల్ టీమ్‌లో ఆడుతుంది. దసరా సెలవులు అయ్యాక పేరెంట్స్ గ్రూప్‌లో ఒకావిడ మెసేజ్ పెట్టింది. అమెరికాలో వాళ్ళ అక్క పిల్లల హైస్కూల్లో ఏడాది చివర పిల్లల ఫోటోలతో ఇయర్‌బుక్ అని ఒక పుస్తకం వేస్తారట, మన పిల్లలూ ఈ ఏడాదితో వెళ్ళిపోతున్నారు కదా, టీమ్‌కి ఒకటి వేద్దాం అని. క్షణాల్లో చప్పట్ల బొమ్మలు, గుండె బొమ్మలు. "మరి చేసేదెవరు?" అని ఇంకొకాయన అడిగాడు. అంతే, ఒక్కరూ కిక్కురుమనలేదు. చూసి చూసి నేను చేస్తానని రాసేశాను. మా ఆయన అది చదివి ఫోన్ పక్కన పెట్టి నా వైపు ఒక చూపు చూశాడు.

నేను ఇంటి నుంచి అకౌంట్స్ పని చేస్తుంటాను. ఎక్సెల్ బాగా వచ్చు, డిజైన్ గిజైన్ ఏమీ రాదు. అదైతే నేర్చుకోవచ్చు. అసలు తలనొప్పి వేరే ఉంది.

ఫోటోలు పంపండి అంటే కుప్పలు తెప్పలుగా వచ్చాయి. విప్పి చూస్తే అన్నీ ఇద్దరు అమ్మాయిలవే, నెట్ దగ్గర ఎగిరి స్మాష్ కొట్టేవాళ్ళు. పెద్ద కెమెరాలున్న నాన్నలు ఇద్దరు, ఆ ఇద్దరి పిల్లలే వీళ్ళు. కెమెరా పట్టుకుని నిలబడేది ఎప్పుడూ నెట్ పక్కనే. తప్పు పట్టడం లేదు, ఎవరి బిడ్డ వాళ్ళకి ముద్దు. మా అమ్మాయి లిబెరో. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: లిబెరో వెనక వరుసలోనే ఆడాలి, నెట్ దగ్గర బ్లాక్ చేయకూడదు, నెట్ కంటే ఎత్తులో ఉన్న బంతిని అవతలికి కొట్టకూడదు. బంతి నేలకి తగలకుండా లేపి ఇవ్వడమే పని. అందరిదీ నీలం జెర్సీ, తనది ఫ్లోరసెంట్ పచ్చ. వచ్చిన ఫోటోల్లో ఒక మూల పచ్చటి మోచెయ్యి, ఇంకో మూల మోకాలి ప్యాడ్ కనబడతాయి, ముఖం మాత్రం దొరకదు.

మా అమ్మాయి సంగతి సరే, ఇంట్లో ఫోటోలున్నాయి. నన్ను పట్టుకున్నది బెంచ్ మీద ఉండే పిల్లల సంగతి. టీమ్‌లో పన్నెండు మంది, కోర్టులో దిగేది ఆరుగురు. ముగ్గురు అమ్మాయిలైతే ఒక్క రోజు ప్రాక్టీస్ మానలేదు, మ్యాచ్‌లో దిగింది ఎప్పుడో ఒకసారి. గ్రూప్ ఫోటో తప్ప వాళ్ళవి ఏమీ లేవు. అందులో కూడా ఒకమ్మాయి ముఖానికి ట్రోఫీ అడ్డం వచ్చింది. ఆ అమ్మాయి వాళ్ళమ్మ గార్మెంట్ ఫ్యాక్టరీలో పని చేస్తుంది, మ్యాచ్ రోజుల్లో సెలవు దొరకదు. ఆమె రాకపోతే ఈ పిల్ల ఫోటో ఇంకెవరు తీస్తారు?

ఇది చాలదన్నట్టు నిన్న ఒక నాన్నగారు ఫోన్ చేశారు. "ఖర్చు మొత్తం నేను పెట్టుకుంటానండీ, అట్ట మీద మా పాప స్మాష్ ఫోటో ఫుల్ పేజీ వేయండి చాలు" అన్నారు. మర్యాదగానే అన్నారు, అందుకే ఏం చెప్పాలో తోచలేదు.

ఇప్పుడు నాకు కావలసినవి ఇవి. ఎంత సైజు, ఎన్ని పేజీలు వేస్తే బాగుంటుంది? బెంగళూరులో ఎక్కడ ప్రింట్ చేయిస్తారు? ఫోటోల్లేని పిల్లలకి పేజీ ఎట్లా నింపాలి? ఆ నాన్నగారికి ఏం చెప్పాలి? జనవరిలో పిల్లలకి ప్రిపరేటరీ పరీక్షలు మొదలవుతాయి, ఆలోపు పుస్తకం చేతికి రావాలి.

ఐటీ నాన్న, మారతహళ్ళి:

నా మాట వింటే ప్రింట్ జోలికి వెళ్ళకండి మేడం. ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టండి, పైన ఒక పీడీఎఫ్ చేసి గ్రూప్‌లో వేయండి, పైసా ఖర్చుండదు. స్పాన్సర్ గొడవే రాదు. ఈ కాలం పిల్లలు పుస్తకం ఎక్కడ తిరగేస్తారు? మా వాడి స్కూల్ మ్యాగజైన్ ప్లాస్టిక్ కవర్ కూడా విప్పకుండా అటక మీద ఉంది.

కబ్బన్‌పేట ప్రెస్ మనిషి:

స్కూల్ మ్యాగజైన్ ఎందుకు విప్పరంటే అందులో ప్రిన్సిపాల్ సందేశం, కరస్పాండెంట్ సందేశం, వాళ్ళ సందేశం, వీళ్ళ సందేశం అయ్యేసరికి సగం పుస్తకం అయిపోతుంది సార్. మీ వాడి ఫోటో దాంట్లో రెండు పేజీలు ఉండి ఉంటే అటక ఎక్కేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను, మాది చిత్తూరు. పెళ్ళి కార్డులు, బిల్ బుక్కులే ఎక్కువ, ఏడాదికి కొన్ని ఇట్లాంటివీ వస్తాయి.

అమ్మా, మొదట కంప్యూటర్ తెరవకండి. ఎనిమిది ఏ4 తెల్ల కాగితాలు తీసుకుని, ఒకదానిలో ఒకటి పెట్టి అడ్డంగా మధ్యకి మడవండి. ముప్పై రెండు పేజీల పుస్తకం తయారవుతుంది, ఏ5 సైజు. పెన్సిల్‌తో ప్రతి పేజీకి నంబర్ వేసి, ఏ పేజీలో ఎవరో పేరు రాయండి. దీన్ని మేం డమ్మీ అంటాం. ఇది చేతిలో ఉంటే ఎవరికి చోటు దొరకలేదో మీకే కనబడుతుంది. స్క్రీన్ మీద నెలరోజులు కూర్చున్నా అది కనబడదు. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణకాల్లోనే ఉండాలి: 28, 32, 36 అట్లా. ముప్పై పేజీలు అని వస్తే మిగతా రెండు ఖాళీగా వదలాల్సిందే. అట్ట వేరే.

హార్డ్ బౌండ్ అని ఎవరైనా అంటే వద్దనండి. అంత పల్చటి పుస్తకానికి గట్టి అట్ట వేస్తే ఖర్చు తప్ప ఇంకేం ఉండదు. లోపల 130 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) ఆర్ట్ పేపర్, అట్ట 300 జీఎస్ఎం, పైన మ్యాట్ లామినేషన్. పిల్లలు సంతకాలు పెట్టించుకుంటారు కాబట్టి చివరి లోపలి అట్ట మాత్రం లామినేషన్ లేకుండా వదలమని చెప్పండి, లేదంటే బాల్‌పెన్ పడదు.

మీకు కావలసింది ముప్పై, నలభై కాపీలే అనుకుంటాను. దానికి డిజిటల్ ప్రింటే. ఆఫ్‌సెట్ అయితే నాలుగు రంగులకి నాలుగు ప్లేట్లు చేయాలి, ఆ ఖర్చు నలభై పుస్తకాల మీద పడితే మోయలేరు. వందల్లో, వేలల్లో వేసేవాళ్ళకి అది. శివకాశిలో చవక అని ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, కానీ అక్కడి లెక్కలు పెద్ద ఆర్డర్లకి. అవెన్యూ రోడ్, చిక్‌పేట, కబ్బన్‌పేట సందుల్లో తిరిగితే మీ పని అయిపోతుంది.

ఫోటోల గురించి ఒక మాట. గ్రూప్‌లో ఫోటోగా పంపితే వాట్సాప్ కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా పెన్ డ్రైవ్‌లో తెప్పించుకోండి. ఏ5 నిండా ఫోటో రావాలంటే 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, 1748 బై 2480 పిక్సెళ్ళు ఉండాలి. పొడవు 1600 పిక్సెళ్ళున్న ఫోటో పదమూడున్నర సెంటీమీటర్ల దాకా బాగుంటుంది, ఆపైన లాగితే మసక. పేజీ అంచు దాకా వచ్చే ఫోటోకి నాలుగు వైపులా మూడు మిల్లీమీటర్లు అదనంగా వదలండి, కటింగ్‌లో పోతుంది. రెండు పేజీల మీదకి పరిచే ఫోటో అయితే మడత మీద ఎవరి ముఖమూ పడకుండా చూసుకోండి.

ఇంకోటి, మీ పాప జెర్సీ ఫ్లోరసెంట్ పచ్చ అన్నారు. ఫోన్‌లో కనిపించే ఆ మెరుపు కాగితం మీద రాదు. మామూలు నాలుగు రంగుల ఇంకుతో ఆ రంగు పుట్టదు, కాస్త వెలిసిన పచ్చగా వస్తుంది. చూసి కంగారు పడకండి. ఒక్క కాపీ ప్రూఫ్ తీయించుకుని, ట్యూబ్‌లైట్ కింద కాకుండా పగటి వెలుతురులో చూసి, ఆ తర్వాతే మిగతావి వేయమనండి.

ఆ నాన్నగారికి ఏముంది, "ముందు అట్ట అమ్మకానికి లేదండీ, వెనక అట్ట ఉంది, మీ వ్యాపారం ప్రకటన వేసుకోండి" అని చెప్పండి. మేం రోజూ చెప్పే మాటే, ఎవరూ ఏమీ అనుకోరు.

లిబెరో వాళ్ళమ్మ, కగ్గదాసపుర:

అన్నా, చాలా థ్యాంక్స్. రాత్రే కాగితాలు మడిచాను. పేర్లు రాస్తుంటే మా అమ్మాయి వచ్చి పెన్సిల్ లాక్కుని తన పేజీ మార్చేసింది, మళ్ళీ నేను మార్చాను.

ఐటీ నాన్నగారూ, మీరన్న ఆల్బమ్ పెడతాను, అది పుస్తకంతో పాటు. ఆ గార్మెంట్ ఫ్యాక్టరీ అమ్మకి పీడీఎఫ్ లింక్ పంపి చూసుకోమనడం నాకు బాగా అనిపించడం లేదు. ఆమెకి చేతిలో పెట్టాలి.

ఇంకో చిక్కు వచ్చింది. మా పీటీ సార్ మంచి కన్నడలో రెండు పేజీలు రాసిచ్చారు, చాలా బాగుంది. అది డిజైన్ ఫైల్‌లో పెడితే ఒత్తులన్నీ ఊడి పక్కన పడుతున్నాయి. ఒకచోట అయితే అక్షరాల బదులు ఇంగ్లిష్ గుర్తులు వచ్చాయి. నాకు కన్నడ చదవడం వచ్చు కాబట్టి పట్టుకున్నాను, లేకపోతే అట్లాగే అచ్చయ్యేది.

కబ్బన్‌పేట ప్రెస్ మనిషి:

ఇంగ్లిష్ గుర్తులు వచ్చిందంటే సార్ దాన్ని పాత నుడి ఫాంట్‌లో టైప్ చేయించి ఉంటారు, అది ఏ కంప్యూటర్‌లోనైనా సరిగా కనబడే యూనికోడ్ కాదు. మన తెలుగులో అను ఫాంట్లతో వచ్చే తంటా లాంటిదే. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒకసారి సార్‌తోనే చదివించండి. ఒత్తులు ఊడటం వేరే జబ్బు. మీరు వాడేది ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్ అయితే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఉంటుంది, అది పెడితే కన్నడ, తెలుగు అక్షరాలు సరిగా కూర్చుంటాయి. ప్రెస్‌కి ఎప్పుడూ ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే ఫైల్‌లోనే కలిపేసిన పీడీఎఫ్ ఇవ్వండి. వర్డ్ ఫైల్ ఇస్తే మా కంప్యూటర్‌లో ఏ ఫాంట్ ఉంటే అది ఎక్కి కూర్చుంటుంది.

పీటీ టీచర్, పెరంబూర్, చెన్నై:

నమస్తే అమ్మా. నేను చెన్నైలో పీటీ టీచర్‌ని, మా నాన్నది నెల్లూరు. మీ ప్రశ్న చూసి ఆగలేకపోయాను, ఎందుకంటే లిబెరో గురించి అడిగేవాళ్ళు తక్కువ. 1998లో అంతర్జాతీయ ఆటలోకి వచ్చిన స్థానం అది. సెట్‌కి ఆరు సబ్‌స్టిట్యూషన్లు మాత్రమే అనే లెక్కలోకి లిబెరో మార్పులు రావు, ఎన్నిసార్లైనా లోపలికీ బయటికీ తిరగచ్చు. పెద్ద టోర్నమెంట్లలో దానికి వేరే షీట్ రాస్తారు. స్కూల్ మ్యాచ్‌లలో ఆ షీట్ తెరిచేవాళ్ళు ఉండరు. అంటే మీ పాప ఆట ఫోటోల్లోనే కాదు, కాగితం మీద కూడా లేకపోవచ్చు.

అందుకే వీడియోలు అడగండి. ఎవరో ఒక తల్లో తండ్రో గ్యాలరీలో కూర్చుని కోర్టు మొత్తం తీసే ఉంటారు. ఫుల్ హెచ్‌డీ వీడియో అయితే ఒక ఫ్రేమ్ 1920 బై 1080, ఏ5 పేజీ వెడల్పుకి అది సరిపోతుంది. 4కే అయితే కావలసినంత భాగం కత్తిరించుకోవచ్చు. ఎక్కడ ఆపాలో చెప్తాను వినండి. బంతి లేపుతున్న క్షణంలో ఆపకండి, ఇండోర్ లైట్లలో చేతులు చెరిగిపోయి ఉంటాయి. అవతలి టీమ్ అమ్మాయి సర్వీస్‌కి బంతి పైకి వేసిన క్షణం చూడండి. ఇటువైపు ఆరుగురూ శిలల్లాగా నిలబడి ఉంటారు. లిబెరో మోకాళ్ళు వంచి, మడమలు కాస్త పైకి లేపి, చేతులు విడిగా ముందుకు పెట్టి, కళ్ళు బంతి మీద. ఒక్క వేలు కూడా కదలదు, ఫ్రేమ్ స్పష్టంగా వస్తుంది. నన్నడిగితే ఎగిరి కొట్టే ఫోటో కంటే అదే అందమైన ఫోటో. కొట్టడం అందరికీ కనబడుతుంది. ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి అక్కడ నిలబడటం కోర్టు పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళకి కనబడుతుంది.

బెంచ్ పిల్లలకి ఫోటో ఇప్పుడు తీయండి. ఒక సాయంత్రం ప్రాక్టీస్‌కి వెళ్ళండి, నాలుగున్నర తర్వాత ఎండ పక్క నుంచి పడుతుంది. అందరినీ నిలబెట్టి నవ్వమనకండి. వాళ్ళు ఆడుకుంటుంటే తీయండి. పన్నెండు మందికీ ఒకే సైజు ఫోటో, ఒకే లేఅవుట్. కెప్టెన్‌కి పెద్దది, మిగతావాళ్ళకి చిన్నది అని మొదలుపెడితే ఇక ఆగదు.

రాయడానికి ఏముంటుంది అంటారా? ఇష్టమైన రంగు, ఇష్టమైన హీరో అడిగితే పన్నెండు పేజీలూ ఒకేలా ఉంటాయి. అందరినీ ఒకే ప్రశ్న అడగండి: ప్రాక్టీస్‌లో ఎవరి సర్వీస్ లేపడం నీకు కష్టం? జవాబులు విడివిడిగా తీసుకోండి, ఒకళ్ళది ఒకళ్ళు వినకూడదు. స్కోర్ షీట్‌లో లేని సంగతులు బయటపడతాయి.

స్కూల్ కమిటీలో ఉన్నవాణ్ణి, హొరమావు:

ఇంత మంచి చర్చలో అడ్డు పడుతున్నా అనుకోకండి. పదో తరగతి పిల్లలంటే 18 ఏళ్ళ లోపువాళ్ళు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తర్వాత స్కూళ్ళు పిల్లల ఫోటోల విషయంలో జాగ్రత్త పడుతున్నాయి. పన్నెండు మంది పేరెంట్స్ దగ్గర ఒక పేజీ మీద సంతకం తీసుకోండి, స్కూల్‌కీ ఒక కాపీ ఇవ్వండి. పుట్టినరోజులు, ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్లు పుస్తకంలో వద్దు. పీడీఎఫ్ లింక్ ఎవరైనా తెరిచేలా పెట్టకండి.

పేర్లు కూడా ఏ పిల్ల పేరు ఆ పిల్ల చేతే రాయించుకోండి. మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, కన్నడవాళ్ళకి చాలాసార్లు నాన్న పేరు అక్షరం చివర, తమిళ పిల్లలకి అది ముందు. వాట్సాప్‌లో ఉన్న పేరు చూసి వేస్తే "స్వీటీ మామ్" అని అచ్చవుతుంది.

లిబెరో వాళ్ళమ్మ, కగ్గదాసపుర:

చెన్నై పీటీ సార్, మీరు చెప్పినట్టే చేశాను. ప్రశ్న రాసిన చీటీలు పన్నెండు ప్రాక్టీస్‌కి తీసుకెళ్ళి పంచాను. స్మాష్ కొట్టే ఇద్దరి పేర్లూ వస్తాయనుకున్నాను. ఎనిమిది చీటీల్లో పదకొండో నంబర్ అమ్మాయి పేరుంది. ఎవరనుకుంటున్నారు, ట్రోఫీ వెనక దాక్కుపోయిన ఆ పిల్లే! మా అమ్మాయిని ఇంటికొచ్చాక అడిగాను. "అమ్మా, అది కొడితే బంతి గాల్లో ఊగుతుంది, ఎటు పోతుందో తెలీదు. రోజూ నాకు అరగంట అదే సర్వీస్ వేస్తుంది, అందుకే జిల్లా మ్యాచ్‌లో నాకు ఎవరి సర్వీసూ కష్టం అనిపించలేదు" అంది. అంత మంచి సర్వీస్ పెట్టుకుని మ్యాచ్‌లో ఎందుకు దిగలేదు అంటే, ఎత్తు తక్కువ, రొటేషన్‌లో చోటు మారి నెట్ దగ్గరికి వచ్చినప్పుడు బ్లాక్‌కి అందదని సార్ దింపరట. ఏడాదిగా ఈ పిల్లలతో తిరుగుతున్నాను, ఇది నా చెవిన పడనే లేదు. ఆ మాటలు మార్పేమీ లేకుండా ఆ పిల్ల పేజీలో వేస్తున్నాను.

వీడియో చిట్కా కూడా పని చేసింది. ఫ్రేమ్ దొరికింది.

ఆ నాన్నగారితో మాట్లాడాను. వెనక అట్ట అనగానే కాస్త ముఖం ముడుచుకున్నారు. ఆలోచించి చెప్తానన్నారు. ఆయన కాదంటే తలా కాస్త వేసుకుంటాం, ఇవ్వలేనివాళ్ళ వాటా ఎవరు కట్టారో గ్రూప్‌లో రాయం. మా వీధిలో స్పోర్ట్స్ సామాన్ల షాపాయన, ఒక దర్శిని (టిఫిన్ హోటల్) ఓనర్ లోపలి అట్ట మీద ప్రకటనకి ఒప్పుకున్నారు. ముందు అట్ట మీద మనుషులెవరూ లేకుండా, ప్రాక్టీస్‌లో అరిగి తోలు లేచిన పాత బంతి ఫోటో వేద్దామనుకుంటున్నాను. పిల్లలంతా ఆ బంతి మీద సంతకాలు చేస్తారట.

ఒక్క డౌట్. పన్నెండు మందిని ఏ వరుసలో పెట్టాలి? ఎవరిని ముందు పెట్టినా ఎవరో ఒకరు అలుగుతారు.

పీటీ టీచర్, పెరంబూర్, చెన్నై:

జెర్సీ నంబర్ వరుస. ఆ నంబర్లు పిల్లలే ఎంచుకున్నారు కాబట్టి మీ మీదకి ఎవరూ రారు. పదకొండో అమ్మాయిని ఈ ఏడాది అయ్యేలోపు ఒక్క సెట్‌లోనైనా సర్వీస్‌కి మాత్రం దింపమని మీ సార్‌కి నా మాటగా చెప్పండి. సర్వీస్ వేయడానికి లోపలికి పంపి, వెనక వరుస తిరిగాక మళ్ళీ మార్చుకోవచ్చు, రెండు సబ్‌స్టిట్యూషన్ల పని.

కబ్బన్‌పేట ప్రెస్ మనిషి:

జెర్సీ వరుసే మేలు. లెక్క కూడా సరిపోయింది చూడండి. ఒక్కో పిల్లకి ఎదురెదురు రెండు పేజీలు కావాలంటే సరి సంఖ్య పేజీలో మొదలవ్వాలి. 1, 2, 3 పేజీలు పేరు, సార్ రాసింది. 4 నుంచి 15 వరకు ఆరుగురు. 16, 17 పుస్తకం నడుమ ఒకే కాగితం, టీమ్ ఫోటో అక్కడ పరచండి. 18 నుంచి 29 వరకు మిగతా ఆరుగురు. చివరి మూడు పేజీలు మ్యాచ్‌ల స్కోర్లు. సార్ కన్నడ రెండు పేజీల్లోకి పట్టకపోతే అక్షరం సైజు తగ్గించకుండా ఆయన్నే కాస్త కుదించమనండి.

ప్రూఫ్‌కి ఆదివారం రాకండి, షాపు ఉండదు. శనివారం మధ్యాహ్నం లోపు అయితే పగటి వెలుతురు ఉంటుంది.